మేడి వదులుగా పట్టాను

ఫీనిక్స్, అరిజోనా
నవంబరు 16

పెద్దనాన్నకు నమస్కారాలు.

వాట్సాప్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటారేమో. ఈ కవరులో ఒక కాగితం మడిచి పెట్టాను. అది మీ చేతికి అందాలి, ఫోన్‌లో చూస్తే లాభం లేదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

రివాల్వర్ కొన్నానని మొన్న చెప్పగానే మీరు "ఎందుకురా, ఎవరి భయం?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. నేను ఏదో నసిగాను. ఆ మౌనం నన్ను వారం రోజులు వదల్లేదు. ఎవరి భయమూ లేదు పెద్దనాన్నా. భయపడి కొనేవాడినైతే ఇలాంటిది కొనను. ఆరు తూటాలు నింపడానికి దీనికి నిమిషం పడుతుంది, పేలిన తూటాల ఖాళీ గుల్లలు తీయడానికి ఇంకో నిమిషం.

మీకు గుర్తుందో లేదో. నాకు తొమ్మిదేళ్ళప్పుడు దసరాకు ఆయుధపూజ చూపిస్తానని అంబర్‌పేట పోలీస్ లైన్స్‌కు తీసుకెళ్ళారు. బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాల గదిలో వరసగా నిలబెట్టిన త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు, వాటికి కుంకుమ బొట్లు, బంతిపూల దండలు. మీరు ఒక పాత వెబ్లీ రివాల్వర్ తీసి, మీట నొక్కి నడిమికి విరిచి, తూటాలు పెట్టే ఆరు గదులూ నా కళ్ళ ముందు పెట్టారు. చూశాక కూడా ఊరుకోలేదు. "ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మకు. కంటితో చూడు, వేలితో తడుము" అని నా చిటికెన వేలు పట్టుకుని ఒక్కో గదిలో పెట్టించారు. ఇంటికొచ్చాక కూడా వేలికి రంగూన్ ఆయిల్ వాసన. అన్నం తినేముందు అమ్మ చెయ్యి కడుక్కోమంటే కడుక్కోబుద్ధి కాలేదు.

ఇక్కడ హెచ్ వన్ వీసా మీద ఉన్నన్నాళ్ళూ, వేట లైసెన్సు లాంటి మినహాయింపులు తప్పితే, మాబోటివాళ్ళు తుపాకీ కొనడానికి వీల్లేదు. గ్రీన్ కార్డు వచ్చాకే దుకాణం గుమ్మం ఎక్కాను. మూడు శనివారాలు తిరిగాను. చూసినవన్నీ సింగిల్ యాక్షన్‌వే. అంటే ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్, అదే తూటాను పేల్చే సుత్తి, వెనక్కి లాగాలి, అప్పుడే తూటాల చక్రం ఒక గది తిరుగుతుంది. ట్రిగ్గర్ చేసే పని హ్యామర్‌ను వదలడం ఒక్కటే.

ఈ వంశానికి మూలపురుషుడు 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్, 45 బోరు. దాని నకళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు, చేత్తో పట్టుకుంటే కదలబుద్ధి కాదు. నేనూ దాదాపు దాన్నే తెచ్చుకునేవాడిని. కానీ ఆ పాత అమరికలో హ్యామర్ దించితే దాని ముల్లు నేరుగా తూటా మీద ఆనుతుంది. కింద పడి దెబ్బ తగిలితే పేలవచ్చు. అందుకే తెలిసినవాళ్ళు అందులో అయిదే నింపి, ఖాళీ గది మీద హ్యామర్ దించి ఉంచుతారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ జాగ్రత్త నా జ్ఞాపకశక్తి మీద ఆధారపడటం నాకు నచ్చలేదు.

రూగర్ కంపెనీ 1973లో, అంటే సరిగ్గా నూరేళ్ళకు, తన బ్లాక్‌హాక్ రివాల్వర్ లోపలి అమరిక మార్చింది. హ్యామర్‌కూ ముల్లుకూ మధ్య ఒక చిన్న ఉక్కు పట్టీ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే అది పైకి లేచి దెబ్బను ముల్లుకు అందిస్తుంది. వేలు తీస్తే పట్టీ కిందికి దిగిపోతుంది, హ్యామర్ ముల్లును తాకనే తాకదు. ఆరూ నింపుకోవచ్చు. దుకాణంలో ఖాళీదాన్ని మెల్లగా ఆడించి చూస్తున్నప్పుడు మీరు పక్కనుంటే ఎంత బాగుండునని అనిపించింది. మీరైతే అక్కడే స్క్రూలు విప్పించి చూసేవాళ్ళు.

తెచ్చుకున్నది సూపర్ బ్లాక్‌హాక్, 44 మాగ్నమ్, ఏడున్నర అంగుళాల బ్యారెల్. బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. మన దగ్గర లైసెన్సు మీద దొరికే కాన్పూర్ 32 బోరు రివాల్వర్ దీని పక్కన చిన్నపిల్ల. 44 అని పేరే గానీ గుండు అడ్డం 0.429 అంగుళాలే. ఇదే ఎందుకంటే, ఇందులో 44 స్పెషల్ తూటా కూడా పేలుతుంది. స్పెషల్ 1907 నాటిది, మాగ్నమ్ 1955లో వచ్చింది. పైకి చూస్తే మాగ్నమ్ గుల్ల కొంచెం పొడుగు, అంతే తేడా. 15.5 గ్రాముల గుండును స్పెషల్ సెకనుకు సుమారు 750 అడుగుల వేగంతో పంపితే మాగ్నమ్ 1,300 దాటిస్తుంది. నేర్చుకునేవాడికి ఒకే తుపాకీలో బడీ కాలేజీ రెండూ ఉన్నట్టు.

కానీ నేను తొందరపడి నేరుగా కాలేజీలో చేరాను.

ఊరికి ఉత్తరాన బెన్ ఏవరీ అని తుపాకీ గురి సాధన చేసే పెద్ద రేంజ్ ఉంది, అరిజోనా ప్రభుత్వ వన్యప్రాణి శాఖది. చుట్టూ గుట్టలు, బ్రహ్మజెముడును నిలువునా సాగదీసినట్టుండే సగువారో చెట్లు. మొదటి రోజు మాగ్నమ్ పెట్టె పట్టుకెళ్ళాను. మొదటి దెబ్బకు తుపాకీ మూతి ఆకాశం చూసింది. రెండో దానికి అరచెయ్యి మండింది. మూడోదానికి ముందే కళ్ళు మూసుకుపోయాయి. పాతిక గజాల దూరంలో గురి కాగితం చెక్కు చెదరలేదు, నా గుండ్లన్నీ ముందున్న మట్టిలో దుమ్ము లేపాయి. ఒక్కో తూటా డాలరుకు పైనే. చేతులు వణుకుతుంటే అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన, మీ వయసే ఉంటుంది, నా రివాల్వర్ తాను నింపుతానన్నాడు. ఏ గదిలో తూటా ఉందో, ఏ గదిలో ఖాళీ గుల్ల ఉందో నాకు చెప్పలేదు. నేను గురి చూసి ట్రిగ్గర్ నొక్కాను. టక్ మని ఖాళీది. పేలకపోయినా మూతి మాత్రం బెత్తెడు కిందికి వాలింది. పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే తన్నుకు ముందే నేను తోస్తున్నానన్నమాట. నా చేతి అబద్ధం నా కంటికే కనబడింది.

తర్వాత నెలన్నర స్పెషల్ తూటాలే వాడాను. ఆ పెద్దాయనే పిడి పట్టడం కూడా సరిచేశాడు. ఈ రకం పిడిని ఇక్కడివాళ్ళు నాగలి మేడి అంటారు, నిజంగానే ఆ వంపే. మన ఊళ్ళో తాతయ్య మేడి పట్టినప్పుడు పిడికిలి బిగించేవాడు కాదు గదా, ఆనించి ఉంచేవాడు. ఇదీ అంతే. బిగబట్టి ఆపబోతే మణికట్టుకు తగులుతుంది. చెయ్యి స్థిరంగా ఉంచి కాస్త వదిలితే, తన్ను వచ్చినప్పుడు పిడి అరచేతిలో పైకి దొర్లుతుంది, హ్యామర్ తానే బొటనవేలి దగ్గరికి వస్తుంది. లాగితే తర్వాతి దెబ్బకు సిద్ధం. ఇది తెలిశాక నాకు తన్ను మీద కోపం పోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది నింపడం. పక్కన ఉన్న చిన్న తలుపు తెరిస్తే చక్రం వదులవుతుంది. బొటనవేలితో తిప్పుతుంటే టిక్ టిక్ మంటూ ఒక్కో గదీ తలుపు ముందుకు వస్తుంది. తూటా జారిపోయే చప్పుడు బరువుగా ఉంటుంది. పేల్చాక బ్యారెల్ కింద ఉన్న కడ్డీ నొక్కితే వేడి గుల్ల అరచేతిలో పడుతుంది, ఒక్కొక్కటే. ఆరోది తీశాక చిటికెన వేలు ఆరు గదుల్లోనూ పెట్టి తడుముతాను. పక్కవాళ్ళు వింతగా చూస్తారు. రేంజ్‌లో అందరూ ఆయుధాలు దించి వెనక్కి జరగాల్సిన వేళ పిలుపు వచ్చేలోపు నాది ఎప్పుడూ అయిపోయే ఉంటుంది.

ఒక సంగతి మీకు నచ్చుతుంది. స్పెషల్ గుల్ల పొట్టిది కాబట్టి గదిలో దాని అంచు దగ్గర మసి ఉంగరంలా పేరుకుంటుంది. తోమకుండా మాగ్నమ్ వేస్తే గట్టిగా పడుతుంది, ఒక్కోసారి చివరిదాకా దిగదు. కాబట్టి ఇంటికొచ్చాక బ్రష్‌తో ఆరు గదులూ తోమి, ఫ్లాలిన్ గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగుతాను. మా పెద్దమ్మాయి వచ్చి పక్కన కూర్చుంటుంది. దానికీ అదే పాఠం, కంటితో చూడు, వేలితో తడుము. తర్వాత ఇనప్పెట్టెలోకి. తూటాలు ఇంట్లో ఇంకో గదిలో, వేరే తాళం. తాళాలు రెండూ నా దగ్గరే. మీ కోడలు మొదట్లో ముభావంగా ఉంది, ఇప్పుడు రేంజ్‌కు తానూ వచ్చి స్పెషల్‌తో ఇనప పలక కొట్టింది. టంగ్ మన్న చప్పుడు విని పక్క బల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మీకొక ఖాళీ గుల్ల పంపుదామని మనసు లాగింది. కానీ టపాలోనూ విమానంలోనూ ఖాళీదైనా గొడవే, ఆ ఆశ మానుకున్నాను. ఫిబ్రవరిలో మేమే వస్తున్నాం. మీ మోకాళ్ళు సహకరిస్తే పిల్లలకు గన్‌ఫౌండ్రీలో ఆ తోపుల కార్ఖానా, తర్వాత ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నిజాం కొలువులో సేనానిగా చేసిన రేమండ్ దొర సమాధి మీరే చూపించాలి. మన మూసారాంబాగ్ పేరు ఆ ఫ్రెంచి మాన్స్యూర్ రేమండ్ పేరు నుంచే వచ్చిందంటే చిన్నది నమ్మడం లేదు.

అమ్మకు ఈ విషయం ఇంకా తెలియదు. నేను చెబితే భయపడుతుంది, మీరు చెబితే వింటుంది. ఈ ఉత్తరం చదివి, మీకు సబబు అనిపిస్తేనే చెప్పండి.

ఇక ఆ కాగితం. పోయిన శనివారం, పాతిక గజాల నుంచి, ఆరూ మాగ్నమ్‌లే. అయిదు మీ అరచేయి ఆనిస్తే మూసుకుపోతాయి. ఒక్కటి మాత్రం కింద ఎడమకు పోయింది, దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. అది నాలుగోది. మళ్ళీ ఉలిక్కిపడ్డానా, వేలు పక్కకు లాగానా, నాకు తేల్చుకోవడం రావడం లేదు. వెలుతురులో పట్టుకుని చూసి చెప్పండి.

మీ
చిన్నోడు