రిమోట్ షట్టర్లు వాటంతటవే తెరుచుకోకుండా

సంపాదకులకు,

అయ్యా,

విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వంటి చోట్ల సొంత ఇళ్ల కారు షెడ్లకూ, అపార్టుమెంట్ల సెల్లార్లకూ రిమోట్‌తో పనిచేసే మోటారు షట్టర్లు, స్లైడింగ్ గేట్లు పెట్టించుకోవడం మామూలైపోయింది. వాటి వెంటే ఒక ఫిర్యాదు కూడా వినిపిస్తోంది. రాత్రి మూసి పడుకున్న షట్టరు తెల్లవారేసరికి పైకి లేచి ఉంటోందని, ఎవరూ నొక్కకుండానే గేటు కదులుతోందని అంటున్నారు. ఇది దొంగల పని అని కొందరు సీసీ కెమెరాలు కొంటుంటే, మోటారు లోపమని మరికొందరు కొత్త మోటారు బిగించుకుంటున్నారు. కారణాలు చాలావరకు అంతకన్నా సాదాసీదావి, నివారణకు అయ్యే ఖర్చూ తక్కువేనని తెలియజేయడానికే ఈ లేఖ.

అన్నిటికన్నా ముందు చూడవలసింది రిమోట్ పంపే కోడ్. చవక రకం రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తూ, నొక్కిన ప్రతిసారీ అదే కోడ్‌ను పంపుతాయి. పాత రకాల్లో మూత తీస్తే లోపల చిన్న చిన్న స్విచ్‌లు వరసగా కనిపిస్తాయి. అవి ఎనిమిది ఉంటే సాధ్యమయ్యే కోడ్‌లు 256, పది ఉంటే 1024 మాత్రమే. ఫిట్టరు ఆ స్విచ్‌లను ఫ్యాక్టరీలో పెట్టినట్టే వదిలేసి వెళ్లిపోతే, అదే రకం సామాను పెట్టించుకున్న ఎదురింటివారు తమ గేటు తెరిచినప్పుడల్లా మన షట్టరు కూడా లేవడంలో వింతేమీ లేదు. తమ రిమోట్ ఏ రకమో తెలుసుకోవడానికి పెద్ద పరిజ్ఞానం అక్కరలేదు. డూప్లికేట్ రిమోట్లు చేసే దుకాణంలో రెండు రిమోట్లను ఎదురెదురుగా పెట్టి, బటన్లు నొక్కి నిమిషంలో నకలు చేసి ఇవ్వగలిగితే, అది చాలావరకు మారని కోడ్ రకమే. సౌకర్యంగా ఉందని మనం మురిసిపోయే ఆ నకలే మన తలుపుకు ఉన్న అసలు బలహీనతను చూపిస్తోంది.

నొక్కినప్పుడల్లా కోడ్ మారే రోలింగ్ కోడ్ రిమోట్లు 1990ల నుంచీ ఉన్నాయి. పక్కింటి రిమోట్‌కు మన తలుపు పొరపాటున తెరుచుకునే అవకాశం వాటితో దాదాపు ఉండదు. 2015లో సామీ కామ్కర్ అనే అమెరికా భద్రతా పరిశోధకుడు పిల్లలు ఆడుకునే ఒక ఎలక్ట్రానిక్ బొమ్మను మార్చి, మారని కోడ్‌తో నడిచే గరాజ్ తలుపులను పది సెకన్లలోపే తెరవవచ్చని నిరూపించారు. రోలింగ్ కోడ్‌ను మోసగించే పరికరాన్ని కూడా ఆయన అదే ఏడాది చూపించిన మాట నిజమే. అయితే దానికి మనం రిమోట్ నొక్కే సమయంలో ఆ పరికరం దగ్గరలోనే ఉండాలి. మోటారు మార్చకుండా రిమోట్ సిగ్నల్‌ను అందుకునే రిసీవరు, రిమోట్లు మాత్రం మార్చుకునే వీలు చాలా షట్టర్లకు ఉంటుంది కనుక, ముందు ఆ సంగతి అడగకుండా మొత్తం మార్చేయమనే ఫిట్టరు మాటకు తల ఊపవలసిన పని లేదు.

రిమోట్ మార్చినా సమస్య పోకపోతే అప్పుడు గోడ మీది బటన్‌ను అనుమానించాలి. ఆ బటన్ చేసే పని రెండు వైర్లను కలపడమే కాబట్టి, ఆ వైర్లు ఏ కారణం చేత కలిసినా మోటారుకు అది మనిషి నొక్కినట్టే లెక్క. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో, అందులోనూ బయటి గోడకు బిగించిన బటన్లలో, తుప్పు, తేమ చేరి ఈ పని చేయడానికి ఎక్కువ కాలం పట్టదు. మోటారు కంట్రోల్ బోర్డు దగ్గర ఆ రెండు వైర్లను విప్పించి, కొన్నాళ్లు రిమోట్ మీదే నడిపి చూస్తే దోషం ఎక్కడుందో తేలిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు షట్టరు కదులుతోందేమో కూడా ఫిట్టరు ఉండగానే మెయిన్ స్విచ్ ఆపి, వేసి పరీక్షించాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన నగరం మనది. కరెంటు లేనప్పుడు చేత్తో షట్టరు ఎత్తే గొలుసు ఎక్కడుందో, ఎలా వాడాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం కూడా అంతే అవసరం.

జేబులోనో, హ్యాండ్‌బ్యాగులోనో తాళాల గుత్తి ఒత్తుకుని బటన్ నొక్కుకుపోవడం మరో కారణం. బటన్ల మీద జారే మూత ఉన్న రిమోట్ దీనికి విరుగుడు. మూడో అంతస్తులో పసివాడు రిమోట్‌తో ఆడుకుంటే కింద గేటు తెరుచుకునేంత దూరం సిగ్నల్ అందడం ఎవరికీ అవసరం లేదు. 433 మెగాహెర్ట్జ్ రిసీవరుకు సాధారణంగా 17 సెంటీమీటర్ల వైరు యాంటెన్నాగా వేలాడుతుంది. ఫిట్టరు చేత దాన్ని కొంత కురచ చేయిస్తే అందే దూరం తగ్గుతుంది.

రాత్రిళ్లకూ, సంక్రాంతికి ఇల్లు తాళం వేసి ఊరెళ్లే రోజులకూ అన్నిటికన్నా నమ్మకమైన ఉపాయం రిసీవరుకు విడిగా ఒక స్విచ్ పెట్టించి దాన్ని ఆపేయడం. విననివాడికి ఎన్ని కోడ్‌లు పంపినా ఒకటే కదా! కొందరు మోటారు కరెంటు ఆపకుండానే షట్టరుకు కింద చేతి తాళం వేస్తారు. అది ప్రమాదం. ఆ స్థితిలో ఎక్కడి నుంచో సిగ్నల్ అందితే మోటారు తాళాన్ని లాగుతుంది, షట్టరు రేకులు వంగిపోతాయి, మోటారు కాలిపోయే అవకాశమూ ఉంది. తాళం వేయగానే మోటారుకు కరెంటు ఆగిపోయే స్విచ్ ఉంటే తప్ప ఈ రెండింటినీ కలపకూడదు.

తెరుచుకుంటే దానంతటదే మూసుకునేలా టైమరు పెట్టిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారున్నారు. దారికి అడ్డంగా మనిషి ఉన్నాడని గుర్తించే సెన్సరు లేకుండా ఆ పని చేయడాన్ని నేను ఒప్పుకోలేను. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇళ్ల గరాజ్ మోటార్లకు, కింద ఎవరైనా చిక్కుకోకుండా తలుపును వెనక్కి మళ్లించే రక్షణ ఏర్పాటును తప్పనిసరి చేశారు. పిల్లలు ఆడుకునే సెల్లార్లున్న మనకు ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

అపార్టుమెంట్ అసోసియేషన్లకు ఒక మనవి. అద్దెకున్నవారు ఖాళీ చేసినప్పుడు వారి రిమోట్ తిరిగి తీసుకున్నంత మాత్రాన సరిపోదు, దానికి ఎన్ని నకళ్లున్నాయో ఎవరికీ తెలియదు. రిసీవరు జ్ఞాపకంలోని కోడ్‌లన్నీ చెరిపించి, ఉన్నవారి రిమోట్లను మళ్లీ నమోదు చేయించాలి. అందరి రిమోట్లూ ఒకే మారని కోడ్‌కు నకళ్లైతే, మళ్లీ నమోదయ్యేదీ అదే కోడ్ కాబట్టి చెరిపించి ప్రయోజనం లేదు, రిమోట్లనే మార్చాలి. షట్టరు కొనేటప్పుడు కోడ్ ఏ రకమో, జ్ఞాపకం చెరిపే పద్ధతి ఏమిటో బిల్లు మీదే రాయించుకుంటే, ఆనక ఫిట్టరు మారినా ఈ పని ఆగదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం