అన్న తలలో తెల్ల మచ్చ: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

మీరు ధర్మవరం నుంచి గెలిచినవారు. మా ఉరవకొండ నుంచి ఒక రోగిని బెంగళూరు తీసుకెళ్లి తేవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. అడగాల్సింది ముందే అడిగేస్తాను. మెదడు గడ్డకు ఆపరేషన్ చేస్తే, రోగి కదల్లేని స్థితిలో ఉంటే తప్ప, 48 గంటల్లోపు ఎమ్మారై తీయాలని, ఆ స్కాన్ జతచేయనిదే ఆసుపత్రి బిల్లు పాస్ కాదని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

మా అన్నకు గ్లియోబ్లాస్టోమా. మెదడు గడ్డల్లో మొండిది. ఎంత బాగా తీసినా మళ్లీ వస్తుందనే డాక్టర్లు చెబుతారు. చాలామందిలో, తీసిన చోటి అంచునే, రెండు సెంటీమీటర్ల లోపలే మొలుస్తుంది. కాబట్టి ఆ అంచు మొదట్లో ఎలా ఉందో తెలియాలి. రెండు మూడు రోజులు దాటిందా, మానుతున్న గాయం కూడా స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. ఇక మిగిలిన గడ్డ ఏదో, గాయం ఏదో తేల్చడం కష్టం. అన్నకు మొదటి స్కాన్ తీసింది 25వ రోజున. ఆపరేషన్ అయిన వెంటనే తీసిన స్కాన్‌తో పోల్చి చూడాలని రిపోర్టు చివర రాశారు. అది ఉంటే కదా!

తర్వాత ఆరు వారాలు, 30 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు, టెమోజోలోమైడ్ అనే కీమో మాత్రలతో పాటు. అదయిన రెండు నెలలకు ఇంకో ఊళ్లో, ఇంకో మిషన్ మీద స్కాన్. మచ్చ పెద్దదైంది. "మళ్లీ వచ్చింది" అన్నారు. ఆ రాత్రి బస్సులో వదిన ఒక్క మాట మాట్లాడలేదు. నేను పొలం అమ్మితే ఎంత వస్తుందో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నా. ఇంకో డాక్టరమ్మ మాత్రం, కరెంటు పెట్టిన మొదటి మూడు నెలల్లో ఇలాంటి ఉత్తుత్తి పెరుగుదల కనిపించొచ్చు, పెర్ఫ్యూజన్ తీయించండి అన్నారు. రంగు మందు ఎక్కించేటప్పుడే మచ్చలోకి రక్తం ఎంత పారుతోందో చూస్తారు. గడ్డ అయితే సాధారణంగా ఎక్కువ లాగుతుంది, కరెంటు వల్ల వచ్చిన వాపైతే తక్కువ. అన్నది తక్కువే. తర్వాతి స్కాన్‌కు మచ్చ చిన్నదైంది.

ఈ పెర్ఫ్యూజన్‌కు పట్టేది రెండు మూడు నిమిషాలు. మందును ఒకే వేగంతో ఎక్కించే పంపు, సాఫ్ట్‌వేర్, చూడటం వచ్చిన రేడియాలజిస్టు కావాలి. మూడోదే కష్టం, ఒప్పుకుంటాను. అలాంటివాళ్లను ఇద్దరిని కర్నూలు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చోబెట్టి, సీమ జిల్లాల స్కాన్లన్నీ ఆన్‌లైన్‌లో అక్కడికి పంపించకూడదా?

గడ్డ తిరిగి ఎక్కడ మొలుస్తుందో కంప్యూటరే స్కాన్ చూసి ముందుగా చెప్పే రోజులొస్తున్నాయని పేపర్లో చదువుతున్నాం. నేను లెక్కల మాస్టారిని, ఆసక్తిగానే చదువుతాను. ఇంకా పరిశోధనలోనే ఉన్న పని అది. రేపు వచ్చినా దానికి కావలసింది ఈ స్కాన్లే. పుట్టిన వేళ చెప్పకుండా జాతకం రాయమంటే సిద్ధాంతి మాత్రం ఏం రాస్తాడు? మా దగ్గరున్నవి ఫిల్ములు. వాటి మీద కొన్ని బొమ్మలే ఉంటాయి, అసలు స్కాన్‌లో వందలుంటాయి. ఒకచోట సీడీ అడిగితే, మిషన్‌లో డిలీట్ అయిపోయిందన్నారు. అన్నకు ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు, ఆభా నంబరుంది. స్కాన్ మొత్తం ఆ నంబరుకు చేరే ఏర్పాటు చేయించండి.

వచ్చే నెల మళ్లీ స్కాన్. ఈసారీ అదే మిషన్ మీద తీయించమని డాక్టరమ్మ చీటీ రాసిచ్చారు. ఫిల్ముల కవరు చినిగిపోయింది, వదిన కొత్త సంచి కుట్టింది.

ఇట్లు,
ఒక హైస్కూలు మాస్టారు,
ఉరవకొండ, అనంతపురం జిల్లా