‘కోలుకుని మళ్ళీ విధుల్లో చేరాడు’ అన్న ఒక్క లైన్ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ పైలట్ జేమ్స్ నికల్సన్ మీద వేసిన వ్యాసం చదివానండి. గాల్లో జరిగిందంతా కళ్ళకు కట్టినట్టు రాశారు, కానీ చివర్లో "కోలుకుని మళ్ళీ విధుల్లో చేరాడు" అని ఒక్క లైన్‌తో సరిపెట్టేశారు. నేను కాలిన గాయాల వార్డులో 30 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను, ఆ లైన్ దగ్గర ఆగిపోయాను, ముందుకి చదవబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

1940 ఆగస్టు 16న ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గర ఆయన నడుపుతున్న హరికేన్ యుద్ధ విమానానికి శత్రువు తూటాలు తగిలాయి, కన్ను మీద గాయం, పాదానికి గాయం, పైగా మంటలు. దూకేద్దామని సగం లేచినవాడు ఎదురుగా జర్మన్ విమానం కనపడేసరికి మళ్ళీ కూర్చుని ఆ మంటల్లోనే కాల్పులు జరిపాడు, అప్పటికి ఆయన వయసు 23. ఇదంతా మీరు రాశారు. మరి ఆ మంట ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయలేదేం? హరికేన్‌లో పైలట్‌కి సరిగ్గా ఎదురుగా, డాష్‌బోర్డ్ వెనకాలే ఒక పెట్రోల్ ట్యాంకు ఉంటుంది, 28 గ్యాలన్లు, అంటే దాదాపు 127 లీటర్లు. దానికి గుండు తగిలితే మంట తిన్నగా మొహం మీదకీ చేతుల మీదకీ వస్తుంది. బాగా కనపడాలని కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకునేవాళ్ళు, కంట్రోల్స్ చేతికి తెలియాలని గ్లవ్స్ తీసేసేవాళ్ళు చాలామంది, వాళ్ళకి రెప్పలూ వేళ్ళూ ముందు పోయేవి. పాపం నికల్సన్ పారాచూట్‌తో దిగుతుంటే కింద సొంత దేశం వాళ్ళే శత్రువనుకుని తుపాకీ పేల్చారు, ఆ గాయాలు వేరే.

ఆయన పూర్తిగా కోలుకునేసరికి 1941 సెప్టెంబర్ వచ్చింది. ఏడాది పైన అండీ. ఆ ఏడాదిలో ఏముంటుందో నేను చెప్తాను. డ్రెస్సింగ్ మార్చే టైం అవుతోందని తెలిస్తేనే పేషెంట్ ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, బాధ కన్నా ముందు ఆ భయం వచ్చేస్తుంది. గాయం మానిందని ఇంట్లోవాళ్ళు సంతోషపడే టైంకి కొత్త చర్మం గుంజుకుపోవడం మొదలవుతుంది, వేళ్ళు వంకర్లు పోతాయి, రోజూ సాగదియ్యాలి, ఏడుస్తున్నా సాగదియ్యాలి. గ్లాసు పట్టుకోవడం, బొత్తాం పెట్టుకోవడం మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. ఆ చేతులతో విమానం నడిపాడంటే ఎన్ని నెలలు పళ్ళ బిగువున భరించి ఉంటాడో నేను ఊహించగలను.

నికల్సన్ ఇంగ్లండ్‌లోనే టార్కీ అనే ఊళ్ళో కోలుకున్నాడు గానీ, ఆయనలా కాలిపోయినవాళ్ళు ఎందరో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న ఊళ్ళో క్వీన్ విక్టోరియా ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడ న్యూజీలాండ్ నుంచి వచ్చిన సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో ఉండేవాడు. అప్పట్లో కాలినచోట టానిక్ యాసిడ్ అనే మందు పూసేవాళ్ళు, అది పెచ్చు కట్టి వేళ్ళని బిగించేసేది. సముద్రంలో పడిన పైలట్ల గాయాలు మిగతావాళ్ళ కన్నా బాగా మానుతున్నాయని గమనించి ఆయన ఉప్పునీటి స్నానాలు పెట్టించాడు, టానిక్ యాసిడ్ మాన్పించడానికి పెద్దవాళ్ళతో కొట్లాడాడు. ముందు కనురెప్పలు చేసేవాడు, రెప్ప మూతపడకపోతే కన్నే పోతుంది కదా. ముక్కు కావాలంటే ఒంటి మీద చర్మం గొట్టంలా చుట్టి ఒక కొస అలాగే ఉంచి, వారాల తరబడి ఆగి, మెల్లగా మొహం దాకా తీసుకొచ్చేవాళ్ళు. ఒక్కొక్కరికి ఎన్ని ఆపరేషన్లో.

నన్ను కదిలించింది ఆపరేషన్లు కూడా కాదండి, ఆ వార్డు. చెక్క షెడ్డు, ఆఫీసరూ సార్జెంటూ పక్కపక్క మంచాల్లో, మూల బీరు పీపా, పేషెంట్ బట్టలు కాకుండా ఎవరి యూనిఫాం వాళ్ళు వేసుకోవచ్చు. మెకిండో ఊళ్ళోవాళ్ళ దగ్గరికి వెళ్ళి మా కుర్రాళ్ళని మామూలుగా చూడండి, ఇంటికి పిలవండి అని అడిగాడు. పిలిచారు కూడా. తేరిపార చూడని ఊరు అని పేరొచ్చింది దానికి. పేషెంట్లే 1941లో, ప్రయోగాలకి వాడే జంతువు పేరుతో, గినీ పిగ్ క్లబ్ అని పెట్టుకున్నారు, యుద్ధం అయ్యేసరికి 649 మంది. నా వార్డు నుంచి డిశ్చార్జ్ అయిన ఒకమ్మాయి వారానికే తిరిగొచ్చి "బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు సిస్టర్" అంది. ఏం చెప్పాలో తెలీక చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అందుకే నాకు ఆ ఊరు అంత గొప్పగా అనిపిస్తుంది.

ఇంకొకటి మీ వ్యాసంలో లేనేలేదు. ఆ యుద్ధంలో బ్రిటన్ ఫైటర్ విమానాల దళం, ఫైటర్ కమాండ్ మొత్తానికి విక్టోరియా క్రాస్ (వాళ్ళ అత్యున్నత శౌర్య పతకం) వచ్చింది నికల్సన్ ఒక్కడికే. తర్వాత ఆయన్ని ఇటువైపు పంపారు, బర్మా మీద జపాన్‌తో యుద్ధానికి. 1945 మే 2న లిబరేటర్ బాంబర్‌లో అబ్జర్వర్‌గా వెళ్తే ఇంజన్‌కి నిప్పంటుకుని మన బంగాళాఖాతంలో పడిపోయింది. మూడు రోజుల ముందే 28 నిండాయి. ఇంకో ఆరు రోజుల్లో యూరప్‌లో యుద్ధం అయిపోయింది. శరీరం దొరకలేదు, పేరు మాత్రం సింగపూర్ స్మారకం మీద ఉంది.

వ్యాసం రాసినాయన బాగా రాస్తారు, నాకేం కోపం లేదు. ఆయన్నే ఇంకోటి రాయమనండి, ఈసారి ఆస్పత్రి దగ్గర మొదలుపెట్టి.

ఇట్లు
ఒక రిటైర్డ్ నర్సు