చిరునవ్వుకు పరీక్ష పెట్టరు

సంపాదకుడు గారికి,

మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవం సందర్భంగా మీరు ప్రచురించిన ప్రత్యేక పేజీ చదివాను. ముప్పై ఒక్క ఏళ్లు వార్డుల్లో పనిచేసి ఈమధ్యనే ఉద్యోగ విరమణ చేసినదాన్ని కాబట్టి రెండుసార్లు చదివాను. ‘సేవ’ అనే మాట పదిహేడు సార్లు వచ్చింది, ‘చిరునవ్వు’ ఆరు సార్లు. ‘చదువు’ ఒక్కసారీ రాలేదు. లెక్కపెట్టడం మా వృత్తిలో అబ్బిన అలవాటు, మన్నించండి.

పొగిడితే కోపమెందుకని మా అమ్మాయి అడిగింది. కోపం కాదు. అంత పొగడ్తలోనూ మేము చేసే పని ఎక్కడా కనబడలేదు, అదీ నా బాధ.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పేగుకు ఆపరేషన్ జరిగి మూడో రోజు. యాభై దాటిన మనిషి. పది గంటలకు చూసినప్పుడు బీపీ బాగుంది, జ్వరం లేదు, నిమిషానికి ఇరవై శ్వాసలు. ఒంటిగంటకు 23. మూడింటికి 27. బీపీ అప్పటికీ బాగానే ఉంది. కానీ చేతులు చల్లగా తగిలాయి. మూత్రం సంచిలో రెండు గంటలుగా దాదాపు ఏమీ చేరలేదు. దుప్పటి తీసేస్తున్నాడు, మళ్లీ కప్పుకుంటున్నాడు. డ్యూటీ డాక్టర్‌కు ఫోను చేశాను. బీపీ బాగుంది కదా, ఉదయం చూద్దామన్నారు. ఆ మాట, దాని పక్కన సమయం కేస్ షీటులో రాశాను. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే శ్వాస ఇంకా పెరిగింది. ఈసారి నేరుగా సర్జన్‌కే ఫోను చేశాను. తెల్లవారకముందే రోగిని మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకువెళ్లారు. పేగు కుట్టు దగ్గర లీకైంది. మనిషి బతికాడు.

ఇందులో దివ్యదృష్టి ఏమీ లేదు. ఒంట్లో ప్రమాదం మొదలైనప్పుడు శరీరం రక్తనాళాలను బిగించి బీపీని చాలాసేపు నిలబెడుతుంది. అది పడిపోయేసరికి తరచూ ఆలస్యమైపోతుంది. శ్వాస వేగం అంతకన్నా ముందే పెరుగుతుంది. శ్వాస, బీపీ, నాడి వంటివాటికి పాయింట్లు వేసి ప్రమాదాన్ని ముందే పసిగట్టేందుకు బ్రిటన్‌లో 2012లో తెచ్చిన ముందస్తు హెచ్చరిక స్కోరులో నిమిషానికి 25 శ్వాసలు వస్తే ఆ ఒక్క అంశానికే గరిష్ఠంగా మూడు పాయింట్లు పడతాయి, వెంటనే డాక్టర్ చేత చూపించాలి. శ్వాస లెక్కపెట్టడంలోనూ ఒక చిన్న యుక్తి ఉంది. లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్లతో ఛాతీని చూస్తూ, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పని ఎక్కువై చేయి ఖాళీ లేని రాత్రి మొదట వదిలేసేది ఈ నిమిషాన్నే.

మర్నాడు ఆయన బంధువులు నా చేతులు పట్టుకుని, “రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు, మీది ఎంత మంచి మనసు సిస్టర్” అన్నారు. మంచి మనసున్న వాళ్లు రాత్రి ఆ గదిలో ఇంకా ఇద్దరున్నారు. పాపం, నిద్ర పట్టడం లేదనుకుని దిండు సర్దారు.

తేడా చదువులో ఉంది. శరీర నిర్మాణం, శరీరధర్మం, సూక్ష్మజీవులు, మందులు, పోషణ, మనస్తత్వం, వీటన్నిటితో పాటు వార్డులో ఇంకొకరి కళ్లెదుట వందల గంటల పని. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం సాధారణ నర్సు చదువుకు కనీసం మూడేళ్లు, 4,600 గంటలు ఉండాలి. అందులో సగానికి తగ్గకుండా రోగుల దగ్గర శిక్షణ. చిరునవ్వుకు ఎవరూ పరీక్ష పెట్టరు. మందు మోతాదు లెక్కకు పెడతారు, తప్పితే మళ్లీ రాయాలి. నేను ఒకసారి మళ్లీ రాశాను కూడా.

ఈ చదువు ప్రాణాల లెక్కలోనూ కనిపిస్తుంది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం తొమ్మిది ఐరోపా దేశాల్లోని 300 ఆసుపత్రులను, 4 లక్షల 20 వేలకు పైగా ఆపరేషన్ రోగులను పరిశీలించింది. ఒక్కో నర్సుకు ఒక రోగి అదనంగా పెరిగినకొద్దీ ముప్పై రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగినకొద్దీ అంతే తక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనం కారణాన్ని నిరూపించదని నాకూ తెలుసు. అయినా వార్డులో నలుగురు చేయాల్సిన పని ఇద్దరం చేసిన రాత్రులు గుర్తున్నదాన్ని, ఆ అంకెలు నాకు కొత్తగా అనిపించలేదు.

మీ పేజీలో ఇంకొక వాక్యం: ‘డాక్టర్ చెప్పింది తు.చ. తప్పకుండా పాటించే చేతులు’. దీని మీద మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, చేతిరాతలో ఉన్న ఇన్సులిన్ ఆర్డరు చూసి నలభై యూనిట్లు సిరంజిలోకి తీశాను. ఇన్సులిన్‌కు ఇద్దరు సరిచూడాలన్నది నియమం. పక్క మంచం దగ్గరున్న సీనియర్ వచ్చి సిరంజి చూసింది, కాగితం చూసింది, “ఈ మనిషికి నలభై ఎందుకిస్తారు?” అంది. అది నలభై కాదు. నాలుగు, పక్కన యూనిట్‌కు పొడి అక్షరంగా వేసిన ఇంగ్లిషు ‘యు’. సున్నాలా కనబడింది. ఆ పొడి అక్షరం వల్ల ఇలాంటి పొరపాట్లు జరుగుతాయనే, మాటను పూర్తిగా రాయాలని ఇప్పుడు చాలాచోట్ల నియమం పెట్టారు. ఆ రోజు నేను తు.చ. తప్పకుండా పాటించబోయాను. ఆవిడ పాటించలేదు కాబట్టి ఆ రోగి ఇంటికి వెళ్లాడు. ఆర్డరు సరిగా లేదనిపిస్తే ఆగి, రాసినవారినే అడగడం ధిక్కారం కాదు. మందు ఇచ్చిన చేతిది కూడా బాధ్యతే.

మా హద్దుల మాట కూడా చెప్పాలి, లేకపోతే ఇది వట్టి గొప్పలు చెప్పుకోవడమవుతుంది. నొప్పి అంచనా వేయడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, మింగగలడో లేదో చూసుకుని తినిపించడం, ఇంటికి పంపేముందు మందుల సంగతి అర్థమయ్యేలా చెప్పడం, ఇవి ఎవరి ఆర్డరూ అక్కరలేని పనులు. మందు ఇవ్వడానికి ఆర్డరు కావాలి. రోగ నిర్ధారణ చేసి మందు రాయడం నాలాంటి సాధారణ నర్సు పని కాదు. తెలిసినవాళ్లు ఇప్పటికీ ఫోను చేసి, దగ్గుకు ఏ యాంటీబయాటిక్ వాడాలో చెప్పమంటారు. చెప్పనంటే, ఇన్నేళ్ల అనుభవం ఎందుకని నిష్ఠూరమాడతారు. అనుభవం వల్లే చెప్పను. కొన్ని దేశాల్లో నర్సులు మందులు రాస్తారు, నిజమే. అమెరికాలో 1965లో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన శిక్షణతో నర్స్ ప్రాక్టిషనర్ అనే హోదా పుట్టింది. వారు అందుకోసం విడిగా చదువుతారు, విడిగా అనుమతి పొందుతారు. సీనియారిటీ పెరిగితే దానంతటదే వచ్చే హక్కు కాదది.

మీ పేజీలో, ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మ వేశారు, చేతిలో దీపంతో. ఆవిడ చేతికి లెక్కల కాగితం ఇచ్చినా తప్పుండేది కాదు. యుద్ధ ఆసుపత్రిలో గాయాలకన్నా అంటురోగాలే ఎక్కువ మందిని చంపుతున్నాయని రేఖాచిత్రం గీసి చూపించిన మనిషి. లండన్ గణాంక సంఘం 1858లో తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నుకున్నది ఆవిడనే. సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆవిడ పేరిట నర్సుల బడి తెరిచింది ఆ తర్వాత రెండేళ్లకు, 1860లో.

వచ్చే మే నెలలో మళ్లీ పేజీ వేస్తారు కదా. దయచేసి మీ విలేకరిని ఉదయం పూలగుత్తులు ఇచ్చే వేళకు కాకుండా రాత్రి డ్యూటీ మారే వేళకు పంపండి. ఒక షిఫ్టు నర్సు మరో షిఫ్టు నర్సుకు ఒక్కో రోగి గురించి ఏమి చెబుతుందో పక్కన నిలబడి విననివ్వండి, రోగుల పేర్లు రాయకుండా. కెమెరా లేకపోయినా ఫరవాలేదు. సెకన్ల ముల్లున్న గడియారం మాత్రం ఒకటి పెట్టుకుని రమ్మనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు