రెండు గంటలు షట్టర్ తెరిచి పెట్టమంటారా?

సంపాదకులకు నమస్కారం.

నక్షత్రాల ఫొటోల మీద ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి. కానీ చుక్కలు ఆకాశంలో కదిలిన దారి గీతల్లా పడే ఫొటో కోసం 'బల్బ్ మోడ్‌లో (మనం మూసేదాకా షట్టర్ తెరిచే ఉండే పద్ధతిలో) రెండు గంటలు షట్టర్ తెరిచి ఉంచండి' అని చెప్పారు చూడండి, అది ఫిల్మ్ కాలం నాటి సలహా. ఫిల్మ్ వేడెక్కదు, పైగా సేపు గడిచేకొద్దీ వెలుతురును పట్టుకోవడం తగ్గిపోయి ఆకాశం తొందరగా తెల్లబడదు కాబట్టి అప్పట్లో నడిచింది. ఫిల్మ్ బదులు వెలుతురును పట్టే డిజిటల్ సెన్సర్ అలా కాదు, తెరిచి ఉన్నంతసేపూ వేడెక్కుతూ ఫొటో నిండా ఎర్రటి, నీలపు మచ్చలు వేస్తుంది. ఊరి లైట్ల కాంతి కూడా పేరుకుపోయి ఆకాశం తెల్లబడుతుంది. గంటన్నర దగ్గర బ్యాటరీ అయిపోయినా, ఏ లారీ హెడ్‌లైట్లో లెన్స్‌లోకి కొట్టినా అంతే సంగతులు.

ఇప్పుడు అందరూ చేసేది ముక్కలుగా తీయడం. షట్టర్ 30 సెకన్లు, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800 దరిదాపుల్లో పెట్టి, కంటిన్యువస్ మోడ్‌లో కేబుల్ రిలీజ్ (తీగతో కెమెరాకు తగిలించే మీట) బటన్ లాక్ చేస్తే కెమెరా తనంతట తానే తీస్తూ పోతుంది. 240 ఫ్రేములకు, అంటే 240 ఫొటోలకు, రెండు గంటలు. స్టార్‌స్టాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి, ఒక్కో చోట అన్నిటికన్నా వెలుగున్న పిక్సెల్‌నే ఉంచుతుంది. లారీ లైటు పడిన ఫ్రేమును తీసి పారేస్తే సరి. ఇంత పెద్ద హబుల్ టెలిస్కోపుకే ఒక్క దెబ్బలో తీయడం కుదరదు, 2012లో విడుదలైన దాని సుదూర గెలాక్సీల చిత్రం 'ఎక్స్‌ట్రీమ్ డీప్ ఫీల్డ్' పదేళ్లలో తీసిన దాదాపు 2,000 ఫొటోల కలయిక!

మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ మాత్రం ఆఫ్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటో తర్వాత కెమెరా మరో 30 సెకన్లు షట్టర్ మూసి, సెన్సర్ మచ్చలు తీసేయడానికి చీకటి ఫ్రేము తీసుకుంటుంది, ఈలోగా చుక్కలు కదిలిపోయి గీత తెగిపోతుంది. ఆ చీకటి ఫ్రేములేవో చివర్లో లెన్స్‌కు మూత పెట్టి మనమే తీసుకోవచ్చు.

ఇంకోటి. మీరు వేసిన ఫొటోలో ధ్రువ నక్షత్రం చుట్టూ నిండు వలయాలున్నాయి, ఎక్కడో ఉత్తర దేశాల్లో తీసినట్టుంది. మా నల్గొండలో ధ్రువుడు దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే, అంటే చాచిన చేతి పిడికిళ్లు రెండు కూడా కాదు, అంత కిందే ఉంటాడు. ఉత్తరాన గుట్టో అపార్ట్‌మెంటో అడ్డం లేని చోటు ముందు చూసుకోవాలి. గంటకు 15 డిగ్రీల లెక్కన రెండు గంటలకు వచ్చేది 30 డిగ్రీల వంపే, నిండు వలయం కాదు.

డిసెంబర్ 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు వస్తాయి, అప్పుడు చాలామంది కెమెరాలు పట్టుకుని బయల్దేరతారు. ఆలోపే ఆ సలహాను సవరించి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్గొండ