పేరు చెప్పని పెయింటర్ గారికి కృతజ్ఞతలు

గత శ్రావణంలో ముసురు పట్టిన రోజున, తమియా కంపెనీ వారి, అసలు కారులో 24వ వంతు ఉండే (1/24) వోక్స్‌వ్యాగన్ బీటిల్ ప్లాస్టిక్ బొమ్మ కారు కిట్‌కు ఆత్రపడి, త్వరగా ఆరే లాకర్ రంగు కొట్టగా, గాలిలోని తేమ చేరి 17 సెంటీమీటర్ల ఆ బాడీ అంతా పాలు ఒలికినట్టు తెల్లబారిపోయింది. రంగంతా కడిగేద్దామని నల్లగొండ గడియారం సెంటర్‌లో థిన్నర్ కోసం తిరుగుతున్న నన్ను, నిజం కార్లకు రంగులు వేసే ఒక పెద్దాయన ఆపి, "కడగకు బిడ్డా, ఎండ రానీ" అన్నారు.

ఎండ వచ్చిన రోజున ఆయన నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను మంచులా ఒక్క పలుచని పొర మాత్రమే కొట్టగా (ఎక్కువైతే ప్లాస్టిక్ కరుగుతుంది), మబ్బు విడిచినట్టు నీలం రంగు బయటపడింది. అది బాగా ఆరాక, చాలా సన్నని గరుకు కాగితమైన 2000 నంబరు వాటర్ పేపర్‌ను సబ్బునీటిలో తడిపి, రంగు ముందుగా లేచిపోయే అంచుల జోలికి పోకుండా ఎలా రుద్దాలో నా వేలు పట్టుకొని చూపించారు. రూపాయి తీసుకోలేదు, పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు.

పెద్దాయనా, ఆ బీటిల్ ఇప్పుడు మా ఇంటి అద్దాల బీరువాలో మెరుస్తోంది. మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.