జన్యువు వార్తతో పాటు బుడిపె పరీక్షా చెప్పండి

పప్పుజాతి మొక్కల మూలకేశాల్లో, అంటే వేళ్ల మీది సన్నని నూగులో, కొత్త జన్యువు దొరికిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ‘ఇక యూరియా అక్కర్లేదు’ అన్నట్టు రాయడం రైతుకు లేనిపోని ఆశ పెట్టడమే. వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బాక్టీరియా పంపే సంకేతాన్ని గుర్తుపట్టే ఎన్‌ఎఫ్‌ఆర్1, ఎన్‌ఎఫ్‌ఆర్5 జన్యువుల సంగతి 2003లోనే తేలింది. ఆ సంకేతం అందగానే మూలకేశం కొక్కెంలా వంగి బాక్టీరియాను చుట్టేస్తుంది, లోపలికి సన్నని దారి తెరుస్తుంది. ఎంత అద్భుతమో! కానీ వరి, గోధుమలకు ఈ గుణం అబ్బాలంటే ఒక్క జన్యువు చాలదు, ఎన్నో కలిసి పనిచేయాలి. ఈలోగా చేతిలో ఉన్న పనిని వదిలేస్తున్నాం. మా విద్యార్థులు బఠానీ మొక్కను చేత్తో లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోయాయి. మట్టిగడ్డతో తవ్వి, నీళ్లలో నానబెట్టి కడిగితే నిండుగా కనిపించాయి. గోటితో చీలిస్తే కొన్ని గులాబి రంగులో ఉన్నాయి, అంటే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నాయన్నమాట. పక్క మడిలోవి తెల్లగా, చిన్నగా ఉన్నాయి. పప్పుధాన్యాల విత్తనంతో పాటే దానికి సరిపోయే రైజోబియం కల్చర్ (విత్తనానికి పట్టించే బాక్టీరియా) ప్యాకెట్ ఇవ్వాలి, దాన్ని ఎండ తగలకుండా నిల్వ చేయాలి. పూతకు ముందు నాలుగు మొక్కలు తవ్వి బుడిపెల రంగు చూడటం వ్యవసాయ సిబ్బంది పొలంలోనే నేర్పాలి. పత్రికలు కూడా ఏ మొక్కలో దొరికింది, పరిశోధన ల్యాబ్ దాటిందా లేదా అన్న రెండు ముక్కలూ శీర్షిక కిందే వేయాలి.